చిగుళ్ళ చికిత్సకు తోడుగా ప్రోడెంటిస్ బిళ్ళలు: ఎవరికి పనికొస్తాయి, ఎలా వాడాలి

స్వీడన్‌కు చెందిన బయోగయా కంపెనీ తయారుచేసే ప్రోడెంటిస్ ఒక చప్పరించే బిళ్ళ. ఇందులో ఉండేది బతికున్న బ్యాక్టీరియా. లాక్టోబాసిల్లస్ రూటెరిలో డీఎస్ఎం 17938, ఏటీసీసీ పీటీఏ 5289 అనే రెండు రకాలు కలిపి బిళ్ళకు కనీసం 20 కోట్లు ఉంటాయి. ఇవి రూటెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసి, చెడు చేసే బ్యాక్టీరియాను అణచగలవు. చక్కెర బదులు ఐసోమాల్ట్ వాడారు కాబట్టి పళ్ళు పుచ్చుతాయన్న భయం లేదు.

కొనే ముందు ఒక సంగతి. చిగురు కింద వేరును పట్టుకున్న గారను ఏ బ్యాక్టీరియా కరిగించలేదు. స్కేలింగ్, అవసరమైతే మత్తిచ్చి రూట్ ప్లానింగ్ (చిగురు కింద వేరును గీకి నునుపు చేయడం) చేస్తేనే అది పోతుంది. గార అలాగే ఉంచుకుని బిళ్ళలు చప్పరిస్తే డబ్బు దండగ. పైగా చిగుళ్ళ నుంచి రక్తం కారడం కాస్త తగ్గినట్టు అనిపించి డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా పడుతుంది. ఈలోగా పళ్ళను పట్టి ఉంచే ఎముక కరిగిపోతూనే ఉంటుంది.

క్లీనింగ్ తర్వాత వాడితే? 2013లో వచ్చిన ఒక పరిశోధనలో 30 మందికి రూట్ ప్లానింగ్ చేసి, కొందరికి ఈ బిళ్ళలు రోజుకు రెండు చొప్పున 12 వారాలు, మిగతావారికి బ్యాక్టీరియా లేని ఉత్త బిళ్ళలు ఇచ్చారు. ఓ మోస్తరు లోతున్నవి, బాగా లోతైనవి అయిన పాకెట్లు (పంటికి, చిగురుకు మధ్య ఏర్పడే గుంటలు) అసలు బిళ్ళ వాడినవారిలో ఎక్కువ తగ్గాయి. కానీ 30 మంది చాలా తక్కువ. యూరప్ పీరియడాంటాలజీ (చిగుళ్ళ వైద్యం) సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో ప్రోబయాటిక్స్‌ను, అంటే ఇలా మేలు కోసం వాడే బతికున్న బ్యాక్టీరియాను, ఇలా తోడుగా వాడవద్దనే సూచించింది. అందుకే అందరినీ కొనమని మేం చెప్పం. క్లీనింగ్ సరిగ్గా జరిగి, ఇంట్లో శుభ్రత బాగుండి, ఖర్చు భారం కానివాళ్ళు డాక్టరుతో మాట్లాడి ప్రయత్నించవచ్చు.

ఖర్చు లెక్క చూడండి. 12 వారాలకు 168 బిళ్ళలు కావాలి, అంటే 30 బిళ్ళల డబ్బాలు ఆరు. అంత పెట్టలేకపోతే ఆ డబ్బు పళ్ళ సందుల్లో తిప్పే చిన్న బ్రష్‌లకు పెట్టండి. చిగుళ్ళకు వాటి మేలే ఎక్కువ. సందులోకి పెట్టినప్పుడు కుచ్చు రెండు పక్కలా పంటికి తగలాలి, మధ్య తీగ మాత్రం రాసుకోకూడదు. అలాంటి సైజు డాక్టరు చేతే ఎంపిక చేయించుకోవాలి. ముందు పళ్ళకు, దవడ పళ్ళకు తరచూ వేరు వేరు సైజులు పడతాయి.

వాడే పద్ధతి: బ్రష్ చేసి, సందులు శుభ్రం చేసుకుని, మంచినీళ్ళతో పుక్కిలించాక బిళ్ళ నోట్లో వేసుకోవాలి. నమలకుండా, అటొక బుగ్గకు ఇటొక బుగ్గకు మారుస్తూ నిదానంగా కరగనివ్వాలి. రాత్రి బిళ్ళ అన్నిటికంటే చివరిది, దాని తర్వాత ఏమీ తినొద్దు.

ఎక్కువమంది పొరపడేది మౌత్‌వాష్ దగ్గర. క్లీనింగ్ తర్వాత డాక్టర్లు తరచూ క్లోర్‌హెక్సిడిన్ అనే మౌత్‌వాష్ రాస్తారు. అది మంచి చెడు చూడకుండా బ్యాక్టీరియాను చంపుతుంది. ఆ కోర్సు అయ్యాకే బిళ్ళలు మొదలుపెట్టాలి. యాంటీబయాటిక్స్ వాడుతున్నా అంతే. రెండోది ఎండ. వీటిని 25 డిగ్రీల లోపు ఉంచాలి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో కొరియర్ బండిలో ఒక రోజు తిరిగిన డబ్బాలో ఎన్ని బతికుంటాయో చెప్పలేం. ఏసీ ఉన్న మందుల షాపులో, గడువు తేదీ దూరంగా ఉన్నదే తీసుకోండి.

కడుపు కోసం రాసే ప్రోబయాటిక్ క్యాప్సూల్ దీనికి బదులు కాదు. నీళ్ళతో మింగేది నోట్లో నిలవదు. పెరుగు రోజూ తినండి, మంచిదే. కానీ అందులో ఉండేవి ఈ రకాలు కావు.

కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు, గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు తమ వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు.

బిళ్ళలు ఆపితే ఈ బ్యాక్టీరియా నోట్లో ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి మూడు నెలలకు డాక్టరు ప్రోబ్‌తో (లోతు కొలిచే సన్నని పుల్లలాంటి పరికరం) కొలిచినప్పుడు పాకెట్లు ఇంకా 4, 5 మిల్లీమీటర్లు ఉండి రక్తం వస్తుంటే, ఇంకో ఆరు డబ్బాలు కొనకండి. అక్కడ మళ్ళీ రూట్ ప్లానింగ్ అడగండి. 6 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువుంటే ఫ్లాప్ సర్జరీ (చిగురును తెరిచి లోపల శుభ్రం చేసే ఆపరేషన్) గురించి మాట్లాడండి.