ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం: స్పీడ్ తగ్గించాకే కాల్స్ బాగుపడ్డాయి

మాది 50 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. స్పీడ్ టెస్ట్ పెడితే వంక పెట్టడానికేం ఉండదు. కానీ మా అమ్మాయి ఫోన్లో ఫొటోల బ్యాకప్ మొదలైందంటే చాలు, ఆఫీసు మీటింగ్‌లో నా గొంతు ముక్కలుముక్కలు. ఆపరేటర్‌కి చెబితే "100 ప్లాన్‌కి మారిపోండి సార్" అన్నాడు.

రోగం ప్లాన్‌లో లేదు. నెట్‌లో డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. వాటిని పంపే పద్ధతి టీసీపీ. మామూలుగా ప్యాకెట్ పోయినప్పుడే అది లైన్ నిండిందని గ్రహించి జోరు తగ్గిస్తుంది. ఆపరేటర్ ఇచ్చిన డబ్బా మాత్రం ఒక్క ప్యాకెట్టూ వదలకుండా అన్నిటినీ బఫర్లో, అంటే తన తాత్కాలిక మెమరీలో, కుక్కుకుంటుంది. ఫొటోల వెనక నా మాట క్యూలో నిలబడుతుంది. నెట్‌వర్కింగ్ ఇంజినీర్ జిమ్ గెటిస్ బఫర్‌బ్లోట్ అన్నది దీన్నే.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించిన నా పాత రూటర్లో ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) ప్యాకేజీ వేసి, బయటి లైన్ తగిలించే వ్యాన్ పోర్టు ఎంచుకుని, క్యూని నడిపే పద్ధతిగా కేక్ (CAKE) పెట్టాను. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండింటికీ 45000. అక్కడ కిలోబిట్లలో రాయాలి, జాగ్రత్త. 45 అని కొడితే ఇంట్లో నెట్ లేనట్టే. లైన్ కంటే కాస్త తక్కువకి బిగించాం కాబట్టి క్యూ ఇప్పుడు మన రూటర్లోనే కడుతుంది. కేక్ ఒక్కో కనెక్షన్‌కి విడి క్యూ ఇస్తుంది. ఏ క్యూలోనైనా ఆలస్యం 5 మిల్లీసెకన్లు దాటి కాసేపు అలాగే ఉంటే అందులోంచి ప్యాకెట్లు పడేయడం మొదలెడుతుంది, దాంతో టీసీపీ జోరు తగ్గిస్తుంది. అప్‌లోడ్ నడుస్తుండగా 300 మిల్లీసెకన్లు దాటే పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం) ఇప్పుడు 20 దగ్గరే ఆడుతోంది. బ్యాకప్ కాస్త నెమ్మదించింది, దాని గురించి ఇంట్లో ఎవరూ అడగలేదు.

పైసా ఖర్చు లేదు గానీ అందరికీ పనికొచ్చేది కాదు. ఈ పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, ప్రాసెసర్‌కి బదులు వేరే చిప్ ప్యాకెట్లను పంపే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆపేయాలి. గిగాబిట్ ప్లాన్ పెట్టుకుని చవక రూటర్‌తో ప్రయత్నిస్తే స్పీడ్ దారుణంగా పడిపోతుంది. వైఫై సిగ్నలే అందని గదిలో ఇది చేసేదీ ఏమీ లేదు.

నాకున్న పెద్ద ఫిర్యాదు ఆ 45000 అంకె గురించే. రాత్రిపూట ఆపరేటర్ లైనే 45 కంటే కిందికి జారితే క్యూ మళ్లీ వాళ్ల దగ్గరికే పోతుంది. పింగ్ చూసుకుంటూ అంకెను తనే మార్చే కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్టు ఉంది. దాంతో కుస్తీపట్టే ఓపిక లేదు నాకు. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు 30000 కి దించేసి ఊరుకుంటున్నాను.