ఆడాసిటీ 3.7: మారిన తెర, మారిన కోత

ఇంట్లోనే పద్యాలో, కథలో, పాటలో రికార్డు చేసుకోవాలనుకునే తెలుగువారిలో చాలామందికి మొదట పరిచయమయ్యే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ. ఉచితంగా దొరకడం అందుకు ఒక కారణమైతే, ఒకసారి నేర్చుకున్న పద్ధతి ఏళ్ల తరబడి చెల్లుబాటు కావడం మరొక కారణం. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టి, 2000లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ రెండు దశాబ్దాల పాటు రూపురేఖల్లో పెద్దగా మారలేదు. 2021లో అది మ్యూజ్ గ్రూప్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వచ్చింది. సంగీత సాఫ్ట్‌వేర్ల ఇంటర్‌ఫేస్‌లలోని అవకతవకలను వీడియోల్లో ఎండగట్టి పేరు తెచ్చుకున్న మార్టిన్ కేరీ దాని రూపకల్పన బాధ్యత తీసుకున్నారు. అప్పటినుంచి 3.1, 3.2, 3.4 అంటూ విడుదలైన ప్రతి వెర్షన్ తెరలో ఏదో ఒక మూలను కదిలిస్తూనే వచ్చింది. 2.4 వెర్షన్ దగ్గరే ఆగిపోయి, ఇప్పుడు నేరుగా 3.7కు వచ్చేవారికి ఆ కదలికలన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి. ఈ సమీక్ష ముఖ్యంగా వారి కోసమే.

మొదట కనిపించే లోటు టైమ్ షిఫ్ట్ టూల్. రికార్డు చేసిన ముక్కను ముందుకో వెనక్కో జరపాలంటే పాత వెర్షన్లలో ఎఫ్5 నొక్కి, రెండు వైపులా బాణాలున్న ఆ పనిముట్టును ఎంచుకుని, పని పూర్తయ్యాక మళ్లీ ఎఫ్1తో సెలెక్షన్ టూల్‌కు తిరిగి రావలసి ఉండేది. 2021 అక్టోబరులో వచ్చిన 3.1 నుంచి ఆ పనిముట్టే లేదు. ఇప్పుడు ప్రతి క్లిప్‌కూ, అంటే రికార్డు చేసిన ప్రతి ముక్కకూ, పైన పేరుతో కూడిన ఒక పట్టీ ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే క్లిప్ జరుగుతుంది. వేళ్లు కొంతకాలం ఎఫ్5 కోసం వెతుక్కుంటాయి గాని, ఈ మార్పును తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించలేదు. గంటసేపు సాగే ప్రవచనాన్ని ఎడిట్ చేసేటప్పుడు పనిముట్లు మార్చుకోవడానికే ఎంత సమయం పోయేదో పాత వాడుకరులకు తెలుసు.

అసలు అలవాటు పడవలసిన విషయం క్లిప్ అంచుల దగ్గర ఉంది. పాత ఆడాసిటీలో వద్దనుకున్న భాగాన్ని ఎంచి డిలీట్ నొక్కితే అది పోయేది; అన్‌డూ చేస్తే తప్ప తిరిగి రాదు, ప్రాజెక్టు మూసేశాక అదీ వీలుకాదు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. దానితో పాటు క్లిప్ అంచును పట్టుకుని లోపలికి నెట్టే పద్ధతి కూడా వచ్చింది. అలా నెట్టినప్పుడు శబ్దం కనుమరుగవుతుందే గాని తొలగిపోదు. దర్జీ గుడ్డను కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టినట్టు, అదంతా క్లిప్ లోపలే ఉంటుంది. ఎన్నాళ్లకైనా అంచును బయటికి లాగితే తిరిగి వస్తుంది. పద్యం చివర శ్వాస కాస్త ముందే తెగిపోయిందని మర్నాడు వింటేగాని తెలియని సందర్భాల్లో ఇది వరమే. ముందటి రికార్డింగును భద్రపరచుకోవడానికి పది నకళ్లు దాచుకునే అవసరం దీనితో చాలావరకు తీరిపోతుంది.

అయితే ఇదే సౌకర్యంలో ఒక జాగ్రత్త కూడా దాగి ఉంది, దాన్ని ఇంటర్‌ఫేస్ తగినంత గట్టిగా చెప్పదు. ఒక ఇంటర్వ్యూలో మాట్లాడిన వ్యక్తి ఫలానా మాట తీసేయమని కోరారనుకుందాం. ఆ మాటను అంచు నెట్టి దాచి, ప్రాజెక్టు ఫైలును మరొకరికి పంపితే, వారు అదే అంచును బయటికి లాగి ఆ మాట వినగలరు. ఒక ప్రాజెక్టు నుంచి మరొకదానికి క్లిప్‌ను అతికించేటప్పుడు, దాగి ఉన్న భాగంతో సహా అతికించాలా, కనిపించే భాగాన్ని మాత్రమేనా అని ఆడాసిటీ అడుగుతుంది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నదో తెలియనివారు విసుగ్గా ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు. సున్నితమైన రికార్డింగులతో పనిచేసేవారు మిక్స్ అండ్ రెండర్ (వినిపించే భాగాన్నే కొత్త ట్రాక్‌గా మార్చే ఆదేశం) చేసిన ట్రాక్‌నో, ఎగుమతి చేసిన వేవ్ ఫైలునో పంపడం మేలు.

2022 సెప్టెంబరులో వచ్చిన 3.2 తెచ్చిన మార్పులు నాకు మిశ్రమంగా తోచాయి. మైకు, స్పీకరు ఎంపికలు పాత తెరమీద ఎప్పుడూ ఎదురుగా కనిపించేవి; ఇప్పుడవి ఆడియో సెటప్ అనే ఒకే బొత్తం వెనక్కి వెళ్లాయి. తెర శుభ్రపడిన మాట నిజమే. కాని యూఎస్‌బీ మైకు ఊడదీసి మళ్లీ పెట్టే అలవాటున్న ఇళ్లలో, ల్యాప్‌టాప్ సొంత మైకుతోనే రికార్డింగు జరిగిపోతున్నదని గమనించడానికి ఆ పాత వరుసే అక్కరకు వచ్చేది. అదృష్టవశాత్తూ వ్యూ మెనూలోని టూల్‌బార్స్‌లో డివైస్ టూల్‌బార్‌ను టిక్ పెడితే అది తిరిగి వస్తుంది. కొత్తగా వచ్చేవారందరికీ నేను మొట్టమొదట చేయమని చెప్పేది ఇదే. శబ్దస్థాయి మీటరు, దాన్ని పెంచి తగ్గించే స్లయిడరు ఒకదానిమీద ఒకటి చేరడం మాత్రం మంచి ఆలోచన. ఎక్కడ చూస్తామో అక్కడే సవరిస్తాం.

అదే వెర్షన్‌తో ప్రతి ట్రాక్‌కూ ఎఫెక్ట్స్ బొత్తం వచ్చింది. రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టు వినిపించే ప్రభావం) వంటి వాటిని అక్కడ చేర్చితే పాట మోగుతుండగానే ప్రభావం వినిపిస్తుంది, వద్దనుకుంటే ఆపేయవచ్చు, అసలు గొంతు చెక్కుచెదరదు. రివర్బ్ వేసి, విని, అన్‌డూ చేసి, మళ్లీ వేసే పాత తంతు గుర్తున్నవారికి దీని విలువ వివరించనక్కరలేదు. 2024 జులైలో వచ్చిన 3.6లో శబ్దపు హెచ్చుతగ్గులను అదుపు చేసే కంప్రెసర్, లిమిటర్ కూడా ఈ పద్ధతిలోకి చేరాయి, మొత్తం మిశ్రమానికి వర్తించే మాస్టర్ ఎఫెక్ట్స్ వచ్చాయి. కాని మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చే నాయిస్ రిడక్షన్ మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఫ్యాను హోరు ఒక్కటే వినిపించే చోటును ఎంచుకుని ప్రొఫైల్ (ఆ హోరు నమూనా) తీసుకోవాలి, తర్వాత మొత్తం ఎంచి వర్తింపజేయాలి, అది శబ్దాన్ని శాశ్వతంగా మారుస్తుంది. ఒకే తెరమీద కొన్ని ఎఫెక్టులు వెనక్కి తీసుకోగలిగినవి, కొన్ని తీసుకోలేనివి కావడం కొత్తవారిని తికమక పెట్టే విషయమే. ఏది ఏ కోవలోదో ఎఫెక్ట్ మెనూ చూసి చెప్పడం కష్టం.

సంగీతం పాడేవారికి 3.3 నుంచి 3.5 వరకు జరిగిన మార్పులే ముఖ్యం. సెకన్ల కొలతకు బదులు బీట్స్ అండ్ మెజర్స్ కొలతను ఎంచుకోవచ్చు. మొదట కనిపించేది నిమిషానికి 120 బీట్ల నాలుగు బై నాలుగు. టైమ్ సిగ్నేచర్‌ను ఏడు బై ఎనిమిదిగా మార్చితే మిశ్రచాపుకూ, ఐదు బై ఎనిమిదిగా మార్చితే ఖండచాపుకూ గీతలు సరిపోతాయి. అయితే ప్రాజెక్టు మొత్తానికీ ఒకే టెంపో, అంటే ఒకే కాలవేగం. కీర్తన చరణంలో కాస్త కాలం పుంజుకునే గాయకుడికి ఈ గీతలు పరుగులో వెనకబడతాయి. ఆలాపనకూ పద్యానికీ వీటితో పనే లేదు. అలాంటివారు సెకన్ల కొలతలోనే ఉండిపోవడం మంచిది, ఆడాసిటీ అందుకు అడ్డు చెప్పదు.

దీనికంటే నాకు నచ్చినవి రెండు. ఆల్ట్ కీ నొక్కి పట్టి క్లిప్ అంచును లాగితే శ్రుతి మారకుండా వేగం మారుతుంది. ఆల్ట్‌తో పాటు పైబాణం నొక్కితే వేగం మారకుండా శ్రుతి ఒక స్వరస్థానం పెరుగుతుంది. ఒకటో శ్రుతిలో ఉన్న తంబురా ట్రాక్ ఒక్క నొక్కుతో ఒకటిన్నరకు చేరుతుంది. అదీ తర్వాత వెనక్కి తీసుకోగలిగిన మార్పే. పైన టైమ్‌లైన్‌లో కీర్తనలోని ఒక సంగతి పొడవునా మౌస్‌తో లాగి, ఎల్ కీతో లూప్ ఆన్ చేస్తే, గురువుగారి రికార్డింగులోని ఆ సంగతిని వేగం తగ్గించి ఎన్నిసార్లయినా వినవచ్చు. సాధనకు ఇంతకంటే ఉపయోగపడే మార్పు ఈ మొత్తం పునర్నిర్మాణంలో లేదనే నా అభిప్రాయం.

ఆడియో డాట్ కామ్ అనే వెబ్‌సైటులో పంచుకునే బొత్తం, క్లౌడ్‌లో భద్రపరచే సౌకర్యం కొందరికి అక్కరకు రావచ్చు. నాకు అవి తెరమీద చోటు తినేవిగానే కనిపించాయి. సేవ్ చేసేటప్పుడు కంప్యూటర్‌లోనే అని ఎంచుకుంటే సరిపోతుంది.

గొంతు రికార్డు చేసి, మొదలూ చివరా కత్తిరించి, ఎంపీ3గా పంపడమే పని అయినవారు పాత వెర్షన్‌తో తృప్తిగా ఉంటే, తొందరపడి మారవలసిన అవసరం లేదు. ఒకటికంటే ఎక్కువ ట్రాకులతో పనిచేసేవారు మాత్రం మారాలి. మారేముందు ఒక సంగతి గమనించాలి. 3.0 నుంచి ప్రాజెక్టంతా ఏయూపీ3 అనే ఒకే ఫైలులో ఉంటుంది. పాత పద్ధతిలో ఒక ఫైలూ దాని పక్కన చిన్న ముక్కలతో నిండిన ఫోల్డరూ ఉండేవి, వాటిలో ఒకటి తప్పిపోతే పని మొత్తం పోయేది. పాత ప్రాజెక్టులు 3.7లో తెరుచుకుంటాయి, కాని 3.7లో భద్రపరచినవి 2.4లో తెరుచుకోవు. కాబట్టి పాత ఫోల్డర్లను అలాగే ఉంచి, మార్చిన ప్రాజెక్టును చివరిదాకా ఒకసారి విన్న తర్వాతే వాటి సంగతి చూసుకోవాలి.