ఎయిర్‌పోర్టుకి ఏది మేలు: ఎక్స్‌ప్రెస్ రైలా, మామూలు మెట్రోనా, బస్సా?

ఊరు పెరిగే కొద్దీ ఎయిర్‌పోర్టు దూరం జరుగుతుంది. పాతది ఊరి మధ్యకు వచ్చేస్తుంది, కొత్తది ముప్పై నలభై కిలోమీటర్ల అవతల కడతారు, కట్టాక అక్కడికి జనం ఎలా చేరాలన్న చర్చ మొదలవుతుంది. ప్రతి చోటా ముందుకొచ్చేవి మూడే. ఎయిర్‌పోర్టు కోసమే ప్రత్యేకంగా ఒక వేగం రైలు వేయడం, ఉన్న మెట్రోనో లోకల్ రైలునో అక్కడిదాకా పొడిగించడం, బస్సులు నడపడం. నా ఓటు రెండోదానికి. అది పూర్తయ్యేదాకా, పూర్తయ్యాక కూడా, మంచి బస్సు నడవాలి. ఎక్స్‌ప్రెస్ సంగతి ఆ తర్వాతే చూడాలి. ఎందుకో చెప్తాను.

అసలు ఎయిర్‌పోర్టుకి రోజూ వెళ్ళేదెవరు? మన కళ్ళ ముందు మెదిలేది సూట్‌కేసు లాక్కెళ్ళే ప్రయాణికుడు. కానీ ఆ గేటు దాటి రోజూ లోపలికి వెళ్ళేవాళ్ళు వేరే ఉన్నారు: సెక్యూరిటీ సిబ్బంది, బ్యాగులు విమానంలోకి ఎక్కించేవాళ్ళు, బాత్రూములు కడిగేవాళ్ళు, విమానాల్లో పెట్టే భోజనాలు ప్యాక్ చేసేవాళ్ళు, కార్గో షెడ్లలో బరువులు మోసేవాళ్ళు, షాపుల్లో నిలబడేవాళ్ళు. లండన్ హీత్రూ ఒక్కదాంట్లోనే ఇలాంటివాళ్ళు 70 వేలకు పైగా ఉంటారు. విమానం ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ దారిన పోతారు. ఉద్యోగి మాత్రం వారానికి ఐదారు రోజులు, పోను రాను. అందులో చాలామంది షిఫ్టు తెల్లవారుజామున నాలుగింటికో ఐదింటికో మొదలవుతుంది. ఏ ప్లాను చూసినా నేను ముందు వెతికేది వీళ్ళని లెక్కలోకి తీసుకున్నారా లేదా అనే.

ఎక్స్‌ప్రెస్ రైలుకి ఆకర్షణ అంతా నిమిషాల్లో ఉంటుంది. హీత్రూ ఎక్స్‌ప్రెస్ 1998లో మొదలైంది, ఎక్కడా ఆగకుండా పావుగంటలో పాడింగ్టన్‌కి చేరుస్తుంది. వినడానికి బాగుంది. కానీ పాడింగ్టన్ ఉన్నది నగర కేంద్రానికి పడమటి అంచున, మీరు వెళ్ళాల్సింది తూర్పు వైపైతే అక్కడ దిగి ఇంకో రైలు పట్టుకోవాలి. షాంఘైలో ఎయిర్‌పోర్టుకి మాగ్లెవ్ ఉంది, అంటే అయస్కాంత శక్తితో తేలుతూ పోయే రైలు, గంటకు 431 కిలోమీటర్ల వేగం అందుకునేలా కట్టారు, 30 కిలోమీటర్ల దూరం ఎనిమిది నిమిషాల పనే. అంత చేసీ అది మిమ్మల్ని దించేది నగరం నడిబొడ్డున కాదు, లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్లో, అక్కడినుంచి మళ్ళీ మెట్రోనే. ఆ మెట్రో రెండో లైను 2010 నుంచి అదే పుడాంగ్ ఎయిర్‌పోర్టు దాకా పోతోంది. నెమ్మదిగా పోతుంది, కానీ నగరం మధ్యలోంచి పోతుంది, చాలామందికి ఒకే రైలులో పని అయిపోతుంది.

రైలు మారడం అంటే ఏమిటో ప్రకటనల్లో కనిపించదు. ఇద్దరు పిల్లలు, రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక హ్యాండ్ బ్యాగు ఉన్న కుటుంబాన్ని తీసుకోండి. రైలు దిగారు. లిఫ్టు ప్లాట్‌ఫాం ఆ చివరన ఉంది, అందులో ఒకసారికి ఒక సూట్‌కేసు, ముగ్గురు మనుషులే పడతారు. ఎస్కలేటర్ పైకి మాత్రమే నడుస్తోంది, వీళ్ళు దిగాలి. టికెట్ గేట్లలో వెడల్పాటిది ఒక్కటే, దాని ముందు క్యూ. అక్కడినుంచి రెండో ప్లాట్‌ఫాం చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ఎక్స్‌ప్రెస్ మిగిల్చిన పది పన్నెండు నిమిషాలు ఇక్కడే ఆవిరైపోతాయి, పైగా ఫ్లైటు టెన్షన్ ఒకటి. ఇంటి గుమ్మం నుంచి చెకిన్ కౌంటర్ దాకా ఎంతసేపన్నదే అసలు లెక్క, రైల్లో కూర్చున్న సేపు అందులో ఒక ముక్క మాత్రమే.

ఇక డబ్బు సంగతి. టొరంటోలో పియర్సన్ ఎయిర్‌పోర్టు నుంచి యూనియన్ స్టేషన్‌కి 2015లో యూపీ ఎక్స్‌ప్రెస్ వేశారు. 25 నిమిషాల ప్రయాణం, పావుగంటకో రైలు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ అక్కడి ప్రయాణ కార్డు లేకపోతే ఒక వైపు టికెట్ 27.50 కెనడా డాలర్లు. బిజినెస్ పని మీద తిరిగేవాళ్ళే ఎక్కుతారన్న అంచనాతో పెట్టిన ధర అది. బోగీలు ఖాళీగా తిరిగాయి. 2016 మార్చిలో దాన్ని 12 డాలర్లకు తగ్గించారు, కొద్ది కాలంలోనే ఎక్కేవాళ్ళు రెట్టింపయ్యారు. అప్పటినుంచి మధ్యలో ఉన్న బ్లూర్, వెస్టన్ స్టేషన్ల నుంచి ఊళ్ళో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు కూడా దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టారు. ఎయిర్‌పోర్టు రైలు కాస్తా ఊరి రైలయ్యాకే నిండింది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌ది ఇంకో కథ. 2011 ఫిబ్రవరిలో ప్రైవేటు భాగస్వామ్యంలో మొదలైంది, అనుకున్నంత మంది రాలేదు, 2012 జులైలో పట్టాలను మోసే వంతెన (వయాడక్ట్) బేరింగుల లోపాల వల్ల ఆరు నెలలకు పైగా మూతపడింది, 2013 జులైలో ఢిల్లీ మెట్రో సంస్థే నడిపే బాధ్యత తీసుకుంది. తర్వాత ఛార్జీలు తగ్గించారు, జనం పెరిగారు. ప్రత్యేక లైను నిలబడాలంటే టికెట్ ఎక్కువ పెట్టాలి, ఎక్కువ పెడితే జనం ఎక్కరు. ఈ చిక్కుముడి మామూలు లైనుకు ఇంతగా ఉండదు, ఎందుకంటే దాని ఖర్చు దారిలోని కాలనీలు, కాలేజీలు, ఆఫీసులు అన్నీ కలిసి మోస్తాయి.

ఎక్స్‌ప్రెస్ ఎక్కడా పనికిరాదని అనట్లేదు. కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు నగరానికి 57 కిలోమీటర్లు, అంత దూరం స్టేషన్ స్టేషన్‌కీ ఆగుతూ పోతే ప్రాణం విసిగిపోతుంది. అక్కడ 28 నిమిషాల్లో చేర్చే రైలుకి అర్థం ఉంది. హాంకాంగ్ అయితే 1998లో ఎయిర్‌పోర్టుతో పాటే రైలూ తెరిచింది, 24 నిమిషాల్లో నగరం మధ్యలోకి, అదీ బ్యాగులు ఊళ్ళోని స్టేషన్లోనే చెకిన్ చేసి చేతులూపుకుంటూ వెళ్ళే సదుపాయంతో. అయితే అక్కడ చేసిన ఇంకో పని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఆ ఎక్స్‌ప్రెస్ పక్కనే, చాలా దూరం అవే పట్టాల మీద, తుంగ్ చుంగ్ లైను అనే మామూలు రైలు కూడా అదే ఏడాది వేశారు. కొత్త ఊళ్ళకూ, ఎయిర్‌పోర్టు పక్కన ఉండే ఉద్యోగులకూ అది పనికొచ్చింది. పారిస్‌లో కథ ఇందుకు రివర్సు. అక్కడ షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్టుకి మామూలు సబర్బన్ రైలు ఆర్ఈఆర్ బి ఉంది, రోజూ కిక్కిరిసి పోతుంది, తరచూ ఆలస్యం. దాన్ని బాగుచేయకుండా విమాన ప్రయాణికులకు వేరే ఎక్స్‌ప్రెస్ కడతారా అని ఆ లైను మీద రోజూ నలిగేవాళ్ళు ఏళ్ళ తరబడి గొడవ పెట్టారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మామూలు మెట్రోకీ లోటుపాట్లున్నాయి, దాచాల్సిన పని లేదు. లండన్ పికడిల్లీ లైను 1977లోనే హీత్రూ చేరింది, చవక కూడా, కానీ నగరం మధ్యకి రావడానికి గంటకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. బోగీలు చిన్నవి, పొద్దున ఆఫీసు వేళ సూట్‌కేసుతో ఎక్కితే చుట్టూ ఉన్నవాళ్ళకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. ఇక్కడ కావాల్సింది లైను డిజైనులో ముందుచూపు. 2022లో తెరిచిన ఎలిజబెత్ లైను దానికి మంచి జవాబు: ప్రత్యేక ఎయిర్‌పోర్టు రైలు కాదు, ఊరి రైలే, కానీ స్టేషన్లు దూరం దూరంగా, బోగీలు పొడవుగా, నగరం గుండెల్లోంచి నేరుగా తూర్పు వైపు దాకా. ఏ ఊరైనా కొత్తగా వేసుకుంటుంటే నేను చూపించే నమూనా ఇదే.

ఛార్జీలో కూడా జాగ్రత్త పడాలి. సిడ్నీలో 2000లో ఎయిర్‌పోర్టు లైను తెరిచినప్పుడు ఆ దారిలోని నాలుగు స్టేషన్లకు అదనపు రుసుము పెట్టారు. 2011లో మాస్కట్, గ్రీన్ స్క్వేర్ స్టేషన్లలో దాన్ని ఎత్తేశారు, అక్కడ ఎక్కేవాళ్ళు బాగా పెరిగారు. ఎయిర్‌పోర్టు స్టేషన్లలో మాత్రం ఉంచారు. అలాంటి రుసుము పెట్టాల్సి వస్తే ఉద్యోగి నెల పాసుకైనా దాన్ని మినహాయించాలి. నెలలో ఇరవై అయిదు రోజులు తిరిగే మనిషి మీద ఏడాదికోసారి తిరిగే మనిషి భారం వేయకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది ఆఖరి కిలోమీటరు దగ్గర. చెన్నైలో తిరుసూలం సబర్బన్ స్టేషన్ ఎయిర్‌పోర్టు ఎదురుగా, రోడ్డుకి అవతల ఎన్నో ఏళ్ళుగా ఉంది. మ్యాపులో చూస్తే పక్కనే. లగేజీతో నడిస్తే తెలుస్తుంది తేడా. 2016లో మెట్రో స్టేషన్ ఎయిర్‌పోర్టు ఆవరణలోనే వచ్చాక ఆ రోడ్డు దాటే పని తప్పింది. బెంగళూరులో 2021లో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హాల్ట్ స్టేషన్ తెరిచారు, కానీ అక్కడ దిగాక టెర్మినల్‌కి ఇంకో బస్సెక్కాలి, ఆగే రైళ్ళు కూడా రోజుకు కొన్నే. దాన్ని నమ్ముకుని ఫ్లైటు టికెట్ తీసుకునే ధైర్యం ఎవరికుంటుంది? స్టేషన్ ఉంది అన్న మాటకి విలువ లేదు, టెర్మినల్ తలుపు నుంచి ఎన్ని అడుగులు, గంటకి ఎన్ని రైళ్ళు అన్నవాటికే విలువ. రెండు మూడు టెర్మినళ్ళు ఉన్నచోట ఏ లైను దేనికన్నది కూడా ముందే చెప్పాలి. ఢిల్లీలో టెర్మినల్ 3కి ఎక్స్‌ప్రెస్ లైను, టెర్మినల్ 1కి మెజెంటా లైను, తెలియకుండా ఎక్కితే అంతే సంగతులు.

బస్సును చిన్నచూపు చూడటం మానాలి. బెంగళూరు ఎయిర్‌పోర్టు 2008లో దేవనహళ్ళికి వెళ్ళిపోయినప్పటి నుంచి మెట్రో లేని ఇన్నేళ్ళూ ఊరి నలుమూలల నుంచి వాయువజ్ర బస్సులే జనాన్ని మోశాయి. రైలు ఒక్క గీత మీదే పోతుంది, బస్సు పది కాలనీల నుంచి బయల్దేరగలదు, రాత్రి రెండింటికి కూడా నడవగలదు. న్యూయార్క్‌లో లగార్డియా ఎయిర్‌పోర్టుకి ఒక ఎయిర్‌ట్రెయిన్, అంటే దగ్గరి స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టుకి నడిచే చిన్న రైలు, కట్టాలనుకున్నారు. అది మాన్‌హాటన్ నుంచి వచ్చేవాళ్ళని ముందు ఎయిర్‌పోర్టు దాటించి, మళ్ళీ వెనక్కి తెచ్చే దారి. 45 కోట్ల డాలర్లన్న అంచనా 200 కోట్లు దాటింది. చివరికి 2023లో దాన్ని రద్దు చేసి, ఉన్న క్యూ70 బస్సునే మెరుగు పరచడం మేలని తేల్చారు. బోస్టన్‌లో ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి వచ్చే సిల్వర్ లైను బస్సుకి 2012 నుంచి ఎక్కేచోట టికెట్టే లేదు, అందువల్ల అన్ని తలుపుల్లోంచీ జనం ఎక్కేస్తారు, బస్సు తొందరగా కదులుతుంది.

కానీ బస్సుకి సొంత లేన్ లేకపోతే అది క్యాబ్‌తో పాటే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. ఫ్లైటు పట్టుకోవాల్సిన మనిషికి సగటున యాభై నిమిషాలు అన్న మాటతో పని లేదు, వాన పడిన సాయంత్రం ఎంత పడుతుందన్నదే కావాలి. అందుకే గంట ముందు బయల్దేరాల్సినవాడు రెండున్నర గంటల ముందు బయల్దేరతాడు. ఇక్కడ రైలు గెలుస్తుంది, ఏ రైలైనా సరే. అదీ మామూలు మెట్రో తెల్లారక ముందే మొదలైతేనే. షికాగో బ్లూ లైను 1984లో ఓహేర్ ఎయిర్‌పోర్టు చేరింది, ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది. అన్ని ఊళ్ళూ అలా నడపలేవు, రాత్రిళ్ళు పట్టాల మరమ్మతులు ఉంటాయి. అలాంటప్పుడు మెట్రో ఆగిన సమయంలో అదే దారిలో, అవే స్టాపుల్లో, అదే పాసుతో బస్సు నడిపితే షిఫ్టు ఉద్యోగికి గండం గడుస్తుంది.

అన్నిటికీ ముందు చేయాల్సిన పని స్థలం వదలడం. వాషింగ్టన్ డల్లెస్ ఎయిర్‌పోర్టు 1962లో తెరిచారు, దానికి వెళ్ళే రోడ్డు మధ్యలో ఎప్పుడో ఒకనాడు రైలు వస్తుందని జాగా ఉంచారు. సిల్వర్ లైను మెట్రో 2022 నవంబరులో గానీ అక్కడికి చేరలేదు. అరవై ఏళ్ళు ఆలస్యం చేయడం ఘోరమే, కానీ ఆ జాగా లేకపోయుంటే ఎన్ని ఇళ్ళు, ఎన్ని దుకాణాలు పడగొట్టాల్సి వచ్చేదో. ఎయిర్‌పోర్టు రోడ్డు ఇప్పుడే వేస్తున్న ఊళ్ళు ఆ మధ్య పట్టీని ముందు బస్సు లేన్‌గా వాడుకోవచ్చు, డబ్బులు కుదిరినప్పుడు అక్కడే పట్టాలు వేసుకోవచ్చు. ఎయిర్‌పోర్టు నలభై యాభై కిలోమీటర్లు దాటితే మటుకు, ఆ పట్టాల మీదే కొన్ని రైళ్ళు ఆగకుండా పోయేలా మధ్యలో దాటే లైన్లు మొదట్లోనే కట్టుకోవాలి, తర్వాత కట్టాలంటే నడుస్తున్న రైళ్ళు ఆపాల్సి వస్తుంది.