బాడీబోర్డుకు పొట్టి ఫిన్స్: చాలాకాలం వాడాక నా మాట

ప్రొద్దుటూరులో ఉండి అలల మీద బాడీబోర్డు, అంటే పొట్ట ఆనించి పడుకుని జారే పొట్టి బోర్డు, వేసుకుని ఆడతానంటే ముందు అందరూ నవ్వుతారు. కానీ మా ఊరి మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారే మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు దాటి నెల్లూరు చేరుతుంది. అక్కడి నుంచి మైపాడు బీచ్ ఎంతో దూరం లేదు. సెలవులు ఎక్కువ దొరికితే చెన్నై అవతల ఉన్న కోవలం వెళ్తాను. తీరంలో ఉండేవాళ్లు రోజూ నీళ్లలో ఉంటారు కాబట్టి వాళ్ల కాళ్లు ఎంత గట్టి ఫిన్స్‌నైనా (ఈదడానికి పాదాలకు తొడుక్కునే రబ్బరు రెక్కలు) తట్టుకుంటాయి. ఏడాదికి కొన్నిసార్లే సముద్రం చూసే మాలాంటివాళ్ల లెక్క వేరు. ఈ సమీక్ష అలాంటివాళ్ల కోసం.

నేను వాడుతున్నవి సహజ రబ్బరుతో చేసిన పొట్టి ఫిన్స్. పాదం ముందు భాగం లోపలికి దూరుతుంది, మడమను పట్టీ పట్టుకుంటుంది. బ్లేడు, అంటే నీళ్లను తోసే చదునైన రెక్క, ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. కుడి, ఎడమ చూసుకుని తొడుక్కోవాలి. స్కూబా వాళ్ల (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈదేవాళ్ల) పొడవాటి ఫిన్స్ తాపీగా, ఒకే వేగంతో చాలాసేపు ఈదడానికి పనికొస్తాయి. అల పట్టాలంటే నాలుగైదు సెకన్లలో ఉన్నట్టుండి వేగం అందుకోవాలి. అలలో దొర్లినప్పుడు కాళ్లకు అడ్డం పడకూడదు కూడా. అందుకే పొట్టివి. అమెరికాలో ఈ రకం ఫిన్స్‌ను 1940లో మార్కెట్‌లోకి తెచ్చిన ఓవెన్ చర్చిల్, 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలో బంగారు పతకం గెలిచినవాడు. టామ్ మోరీ హవాయిలో బాడీబోర్డు తయారుచేసింది 1971లో. అంటే బోర్డు కంటే ఫిన్సే ముందు పుట్టాయి.

మిత్రుడి దగ్గర ఇంకో జత ఉంది. బ్లేడు కాస్త పొడుగు, బాగా గట్టి. వాటినీ తగినంత వాడి చూశాను. తన్నితే దూసుకుపోతాయి, అందులో అబద్ధం లేదు. కానీ అలవాటు లేని కాళ్లకు అది టాప్ గేరులో ఘాట్ ఎక్కినట్టే. అరగంట దాటకుండానే అరికాలు గుంజడం మొదలవుతుంది, తర్వాత పిక్క పట్టేస్తుంది. లోతు నీళ్లలో పిక్క పట్టేస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. నా మెత్తని జత వేగంలో కొంచెం వెనకే. అయినా రెండో గంటలో కూడా అల వెంట తన్నగలుగుతున్నాను. వారాంతపు మనిషికి అదే ముఖ్యం.

బ్లేడు కంటే ముందు చూడాల్సింది పాదం పట్టే అర. ఆన్‌లైన్‌లో చాలా ఫిన్స్‌కు అమెరికా సైజులు రాస్తారు. మన చెప్పుల షాపుల్లో నడిచేది బ్రిటన్ సైజు. మగవాళ్ల సైజుల్లో అమెరికా నంబరు సుమారుగా ఒకటి ఎక్కువ ఉంటుంది. నంబర్ల గొడవ వదిలేసి, సాయంత్రం పూట పాదాన్ని కాగితం మీద పెట్టి గీసి సెంటీమీటర్లలో కొలుచుకోండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, సరైన కొలత అదే. పొడవొక్కటే కాదు, వెడల్పు కూడా చూడాలి. చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగిన మన పాదాలు ముందువైపు వెడల్పుగా ఉంటాయి. సన్నని అర ఉన్న ఫిన్స్‌లో చిటికెన వేలు నలిగిపోతుంది. తొడిగి గాలిలో కాలు విదిలిస్తే ఊడకూడదు, వేళ్లు తిమ్మిరెక్కకూడదు. కొద్దిగా వదులనిపిస్తే మాత్రం వద్దు. నీళ్లలో ఇంకా జారుతుంది, ఇసుక దూరి మడమ ఒరుసుకుని పుండవుతుంది. అడుగున నీళ్లు, ఇసుక పోయే రంధ్రం ఉందో లేదో చూసుకోండి. మన సముద్రం వెచ్చనిదే కాబట్టి చలికోసం సాక్సు అక్కర్లేదు గానీ, ఒరుపు పడకుండా పల్చటి నియోప్రీన్ (మెత్తని కృత్రిమ రబ్బరు) సాక్సు పనికొస్తుంది. అవి వాడదల్చుకుంటే సాక్సు తొడుక్కునే ఫిన్స్ కొలత చూసుకోవాలి.

ఇక తన్నడం. మా వైపు ఈత నేర్చుకునేది బావుల్లో, వీపుకు బెండ్లు కట్టుకుని. ఆ ఈతలో కాళ్లు దబదబా కొట్టడం అలవాటవుతుంది. ఫిన్స్‌తో అది పనికిరాదు. నురగ ఎంత లేస్తే అంత బలం గాలికి పోయినట్టు. కదలిక తుంటి నుంచి రావాలి, మోకాలు కొద్దిగానే వంగాలి, బ్లేడు ఎప్పుడూ నీళ్లలోనే ఉండాలి. అందుకు బోర్డు మీద పడుకునే చోటు సరిగ్గా ఉండాలి. బోర్డు వెనక అంచు తుంటి దగ్గరికి రావాలి. మరీ ముందుకు జరిగితే బోర్డు ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనక్కి జరిగితే తోక మునిగి బ్రేకు వేసినట్టవుతుంది. ముక్కు నీటికి రెండంగుళాలు పైన ఉంటే చాలు. బావి ఒర పట్టుకుని కాళ్లు మాత్రమే ఆడిస్తూ ఈ సాధన ఇంటి దగ్గరే చేయొచ్చు, పక్కన మనిషి ఉంటే.

బాడీబోర్డు వెడల్పుగా ఉంటుంది, చేతులు సరిగా ఆడవు. అందుకని బరువంతా కాళ్ల మీదే. అలాగని ఎప్పుడూ తన్నుతూ ఉండొద్దు. కాళ్లలో పెద్ద కండలు ఉంటాయి, ఊపిరినంతా అవే తినేస్తాయి. లోపలికి వెళ్లేటప్పుడు తాపీగా తన్నాలి, మధ్యలో ఒక్కో చేత్తో రెండు బారలు వేస్తూ కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి. అలలు గుంపులుగా వస్తాయి. గుంపుకీ గుంపుకీ మధ్య ఖాళీ దొరికినప్పుడు ముందుకు పోవాలి. దాచుకున్న బలమంతా అల వెనక నుంచి లేచే ఆ కొన్ని సెకన్లలో ఖర్చుపెట్టాలి.

మోకాళ్ల మీద కూర్చుని అలల మీద జారే నీబోర్డు (kneeboard) దగ్గర లెక్క తిరగబడుతుంది. కోవలంలో మిత్రుడి నీబోర్డు మీద అదే ఫిన్స్‌తో ప్రయత్నించాను. బోర్డు పొడుగు, పడుకుని చేతులతోనే తెడ్డు వేయాలి. ఫిన్స్ పని అల అందుకునేటప్పుడు చివరి తోపు మాత్రమే. తర్వాత మోకాళ్ల మీదికి లేచి మడమల మీద కూర్చోవాలి, అచ్చం వజ్రాసనమే. కింద కూర్చుని భోంచేసే అలవాటున్నవాళ్లకు ఇక్కడ మోకాళ్లు పెద్దగా పేచీ పెట్టవు. కానీ ఫిన్స్ కాళ్ల కిందే ఉంటాయి కదా, గట్టి బ్లేడైతే చీలమండ మీద ఒత్తిడి పడుతుంది, పొడుగుదైతే తోక వెనక నీళ్లలో ఈడుస్తుంది. మోకాళ్ల మీద ఆడేవాళ్లు పొట్టి, మెత్తని రకమే తీసుకోవాలి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

నా జతతో ఇబ్బందులూ ఉన్నాయి. ఒడ్డు దగ్గర విరిగే పెద్ద అలకు ఒకసారి ఊడిపోయింది. తేలే రకం కాబట్టి దొరికింది. అప్పటి నుంచి చీలమండకు కట్టే తాడు వాడుతున్నాను. మునిగిపోయే ఫిన్స్ కొంటే ఈ తాడు తప్పనిసరి. ఒడ్డున వాటితో నడవడం నరకం. చేతిలో పట్టుకుని నడుము లోతుదాకా వెళ్లి అక్కడ తొడుక్కోవడమే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, వాయుగుండం వార్త ఉన్నప్పుడు, కాళ్లకు ఫిన్స్ ఉన్నాయన్న ధీమాతో దిగకండి. ఏ చోట నీరు లోపలికి లాగుతుందో అక్కడి జాలర్లను అడగండి.

రబ్బరుకు మా కడప ఎండే పెద్ద శత్రువు. మే నెలలో మూసిన కారు డిక్కీలో వదిలేస్తే బ్లేడు వంకరపోతుంది. మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, బల్లపరుపుగా పడుకోబెట్టాలి. బ్లేడు కొన మీద నిలబెట్టొద్దు. ముందు పాడయ్యేది మడమ పట్టీ. ప్రయాణానికి ముందు దాన్ని వేళ్లతో సాగదీసి చూడండి, సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ జతతో లోతుకు పోవద్దు.