చర్చిలో కొవ్వొత్తుల వెలుగులో జరిగే పాశ్చాత్య సంగీత కచేరీయా, ఊరి గుడి మండపంలో మన కర్ణాటక సంగీత కచేరీయా?

ఖర్చు: నల్లగొండవాసికి హైదరాబాదు చర్చిలో కచేరీ అంటే టికెట్టుతోపాటు రానుపోను సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం, నవరాత్రుల్లో గుడి మండపంలో జరిగే కచేరీకి సాధారణంగా టికెట్టు ఉండదు.

నాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. ఎత్తైన కప్పు, రాతి గోడలు గల చర్చిలో ప్రతి స్వరమూ మారుమోగుతుంది కనుక, రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్‌కన్నా కాస్త పెద్ద వాద్యం), ఒక చెల్లో (అదే కుటుంబంలో ఇంకా పెద్దది, మంద్రంగా పలికేది) కలిస్తే మైకు లేకుండానే నిండుగా వినిపిస్తాయి. అదే మారుమోతలో మృదంగపు వేగవంతమైన జతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అవి నాలుగువైపులా తెరిచివున్న మండపంలోనే స్పష్టంగా పలుకుతాయి.

ఇబ్బంది: అక్కడ అర్ధరాత్రి తిరుగు ప్రయాణం, ఇక్కడ వాన, జనసందడి.

పసిపిల్లలు, వృద్ధులు వెంట ఉంటే మండపమే మేలు. అయితే చెల్లో మంద్రస్వరాన్ని మైకు లేకుండా ఎన్నడూ విననివారు, ఎంత శ్రమైనా ఒక్కసారి చర్చికి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.