పాములు పట్టే అన్న సర్వీసు, కడప: 4/5

పోయిన ఆదివారం పొద్దున మోటరు వేద్దామని పోతే సంపు పైపు పక్కన పాము చుట్ట చుట్టుకుని ఉంది, ఆరడుగులకు తక్కువ ఉండదు. మా అవ్వ చూడగానే నాగుపామే అని చెంపలేసుకుని పాలు తెమ్మంది. ఆదిశేషుడి తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని చిన్నప్పటి నుంచి వింటున్న కడపోళ్లం, ఇంట్లోకి వచ్చిన పాము ఏదో మాత్రం గుర్తుపట్టలేం!

మొదట చేసిన నంబరు ఎత్తలేదు. రెండోది ఈ అన్నది. దూరంగా నిలబడి పాము ఎటు పోతుందో చూస్తుండండి అని ఫోన్‌లోనే చెప్పి 40 నిమిషాల్లో వచ్చాడు. పడగ లేదు, కళ్లు పెద్దవి, ఇది జెర్రిపోతు, విషం ఉండదు, ఎలుకల కోసం వచ్చింది అన్నాడు. జెర్రిపోతు ఆవు పొదుగు కుడుస్తుంది కదా అని అవ్వ అడ్డుపడింది. "పాము పీల్చలేదవ్వా, ఆ పళ్లు గుచ్చుకుంటే ఆవు ఊరుకుంటుందా?"

అసలు నచ్చింది పేర్ల కబుర్లు. కోబ్రా అంటే పోర్చుగీసులో ఉత్త పామేనంట, పడగ పాము అని వాళ్లు పెట్టుకున్న పేరులో పడగ రాలిపోయి ఇది మిగిలింది. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు మనోళ్లు పిలిచే పేర్లే రాసుకుని 1796లో పాముల పుస్తకం వేశాడు, అందులో రక్తపింజరి పేరు కాటుక రేకుల పొడ. ఇప్పుడు ఇంగ్లీషులో దానికి ఆయన పేరే. కట్లపాము శాస్త్రీయ నామం బంగారస్ కూడా మన 'బంగారు' నుంచే, పసుపు పట్టీల కట్లపాముని చూసి పెట్టింది. మన వైపు కట్లపాము నల్లగా, తెల్ల గీతలతో ఉంటుంది, రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు, కింద పడుకునేవాళ్లు దోమతెర కట్టుకోండి అని మరీ మరీ చెప్పాడు.

రేటు అడిగితే మీ ఇష్టం అంటాడు, అదొక ఇబ్బంది. 500 ఇచ్చాను. చేలల్లో వదిలిన వీడియో సాయంత్రానికి పంపాడు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సంచి మర్చిపోయి వచ్చి మా కొత్త దిండు గలీబులో వేసుకుపోయాడు, అది ఇంకా రాలేదు.