స్నోవైటా, సిండ్రెల్లానా: నాలుగైదేళ్ల పిల్లలకు ముందు ఏది?

చిన్నపిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. డిస్నీ పాత కార్టూన్ సినిమాల్లో ముందు ఏది చూపించాలి? 1937 నాటి స్నోవైటా, 1950 నాటి సిండ్రెల్లానా, 1959 నాటి స్లీపింగ్ బ్యూటీయా? మూడూ గంటన్నర లోపే అయిపోతాయి, మూడూ సుఖాంతమే. కాబట్టి నిడివి, ముగింపు చూసి తేల్చుకోలేం.

చాలామంది ‘అందులో చావు ఉందా?’ అని చూస్తారు. నాలుగైదేళ్ల పిల్లలకు అది సరైన కొలత కాదు. ఆ వయసులో కథలో ఏం జరిగిందన్న దానికన్నా కంటికి ఏం కనిపించిందన్నదే భయపెడుతుంది. సిండ్రెల్లా తండ్రి పోయాడని మొదట్లోనే చెప్పేస్తారు. చాలామంది పసివాళ్లకు అది తగలదు. స్నోవైట్‌లో అందమైన రాణి ముఖం కళ్లముందే ముసలి మంత్రగత్తె ముఖమైపోతే మాత్రం రాత్రి పడుకునే దాకా వదలదు. పైగా ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలకు ఆ ఇంగ్లీషు మాటలు పెద్దగా అందవు. వాళ్లకు మిగిలేది బొమ్మ, సంగీతం. అందుకే చూడాల్సినవి రెండు: భయపెట్టే ముఖం తెర మీద ఎంతసేపు ఉంటుంది, ఆ వెంటనే పిల్లలు ఊపిరి పీల్చుకోవడానికి చోటు ఉందా.

స్నోవైట్‌లో మొదటి భయం పావుగంట లోపే వస్తుంది. వేటగాడు కత్తి ఎత్తుతాడు, స్నోవైట్ అడవిలోకి పరుగెడుతుంది, కొమ్మలు చేతులై లాగుతాయి, చీకట్లో కళ్లు మెరుస్తాయి. అయితే ఆ ఘట్టాన్ని చాలా తెలివిగా కట్టారు. ఆ కళ్లు కుందేళ్లవీ జింకలవీ అని తేలిపోతుంది, వెంటనే పాట వస్తుంది. ‘అవి కుందేలు పిల్లల కళ్లే చూడు’ అని ముందే చెబితే చాలామంది దాటేస్తారు. అసలు చిక్కు తర్వాతిది. రాణి మందు తాగుతుంది, జుట్టు తెల్లబడుతుంది, చేతులు ఎండిన కొమ్మల్లా అవుతాయి, చివరికి ఆ ముఖం మనవైపు తిరుగుతుంది. మరుగుజ్జుల ఆటపాటతో కాస్త తేలికపడ్డాక, విషంలో ముంచిన యాపిల్ మీద పుర్రె ఆకారం, నేలమాళిగలో అస్థిపంజరం, ఆపైన తరుముడు, కొండ మీంచి పతనం, రాబందులు. నడుమ మరుగుజ్జులు పనికి బయల్దేరే ముచ్చట మినహా తెరిపి తక్కువ. స్నోవైట్ కుప్పకూలడాన్ని మాత్రం నేరుగా చూపరు. నేల మీద వాలిన చెయ్యి, జారిపోయిన యాపిల్, అంతే. పెద్దలు భయపడేది ఆ చోటికే, పిల్లలు భయపడేది ఆ ముసలిదాని ముఖానికి. బ్రిటన్‌లో 1938లో ఈ సినిమాకు పిల్లలు పెద్దల తోడుతోనే చూడాలన్న ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారంటే ఆశ్చర్యం లేదు.

సిండ్రెల్లాలో భయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి పంచారు. పిల్లి ఎలుకల్ని తరుముతుంది, ఎలుక తప్పించుకుంటుంది, పిల్లలు నవ్వుతారు. ఈ ఘట్టాలు మాటలు అర్థం కాకపోయినా నడిచిపోతాయి. సవతి తల్లికి మంత్రాలు లేవు, రూపం మారదు. గట్టి దెబ్బ ఒకటుంది: అక్కలిద్దరూ గౌను చించేసే చోటు. కొందరు పిల్లలు అక్కడ ఏడుస్తారు. అది భయం కాదు, జాలి. కాసేపట్లోనే దేవత వచ్చి ఓదారుస్తుంది. గదిలో పెట్టి తాళం వేసినా తాళంచెవి ఎలుకల చేతికి చిక్కుతుంది, గాజు చెప్పు పగిలినా రెండోది ఆమె దగ్గరే ఉంటుంది. నాలుగేళ్లు నిండిన పిల్లలకు ముందు ఇదే. ఇంట్లో నిజంగా సవతి తల్లి ఉంటే మాత్రం ఆ మాట ఎలా వినిపిస్తుందో ముందే ఆలోచించుకోవాలి.

స్లీపింగ్ బ్యూటీ బొమ్మలు మూడింటిలోనూ గొప్పవి. కానీ కథ నెమ్మది, చివర్లో డ్రాగన్‌తో పోరు పెద్దది. ఆరేళ్లు రానివ్వండి. 1940 నాటి పినోకియో ఇంకా తర్వాత: అందులో గాడిదగా మారుతూ అమ్మను పిలిచే పిల్లాడు మళ్లీ మనిషి కాడు.

ఏది చూపించినా పగలే చూపించండి, పడుకునే ముందు వద్దు. భయపడితే కళ్లు మూసుకోమనడం చాలదు, సంగీతం వినిపిస్తూనే ఉంటుంది. ముందు శబ్దం తగ్గించండి. స్నోవైట్‌ను రెండు రోజులు చూపించాలంటే మరుగుజ్జుల ఆటపాట అయ్యాక ఆపండి, మంత్రగత్తె తెర మీదున్నప్పుడు కాదు. యాపిల్ కొరికాక ఆపితే పిల్లల మనసులో స్నోవైట్ రాత్రంతా చచ్చిపోయే ఉంటుంది. అక్కడి దాకా వస్తే చివరి దాకా చూపించేయాలి. తర్వాత భయం పట్టుకుంటే ‘అదంతా అబద్ధం’ అన్న మాట ఎనిమిదేళ్లవాళ్లకు పనిచేస్తుంది గానీ నాలుగేళ్లవాళ్లకు కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, కాగితం మీద ఆ ముసలిదాని బొమ్మ వేయించి, ముక్కు ఇంకాస్త పొడుగు చేయమనండి.